అలవాటు పడింది ఎవరు?

"ఆ మాత్ర నా ఒంటికి అలవాటైపోనాది బాబూ. ఇంక పన్జెయ్యట్లేదు. దానికంటే పవరున్నది ఏటైనా ఉంటే ఇయ్యి."

అనకాపల్లి జిల్లా కోటవురట్లలో ఒక మందుల షాపు దగ్గర ఈమధ్య విన్న మాట ఇది. ఆ పెద్దావిడ కొంగు ముడి విప్పి, అంచులు నలిగిన పాత అట్ట ముక్క ఒకటి బల్ల మీద పెట్టింది. అందులో రెండు మాత్రలు ఇంకా మిగిలే ఉన్నాయి. షాపు కుర్రాడు దాన్ని వెలుతురుకు పట్టి, చిరగ్గా మిగిలిన అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. వెనక్కి తిరిగి వేరే యాంటీబయాటిక్ డబ్బా తీశాడు. కత్తెరతో మూడు మాత్రలు కత్తిరించి ఇచ్చాడు. చీటీ అడగలేదు, ఆవిడా చూపలేదు. ఇంతకీ ఆవిడ జబ్బేమిటంటే జలుబు, ఒళ్లు నొప్పులు, రాత్రి నుంచి కాస్త వెచ్చదనం.

అలవాటన్న మాట మన ఇళ్లన్నిటిలోనూ వినబడేదే. కాఫీ అలవాటవుతుంది, నిద్రమాత్ర అలవాటవుతుంది, యాంటీబయాటిక్ కూడా అంతే అనుకుంటాం. కాని ఈ మందు గురి మన ఒళ్లు కాదు, ఒంట్లో చేరిన బ్యాక్టీరియా. బ్యాక్టీరియాలో చాలావాటికి చుట్టూ ఒక గోడ ఉంటుంది. పెన్సిలిన్ ఆ గోడ కట్టే పనిని చెడగొడుతుంది. పెరుగుతున్న బ్యాక్టీరియా గోడ నిలబెట్టుకోలేక, లోపలి ఒత్తిడికి పగిలి చస్తుంది. మన కణాలకు అలాంటి గోడే లేదు కనక వాటి జోలికి ఆ మందు రాదు. టెట్రాసైక్లిన్‌ది మరో దారి, బ్యాక్టీరియా ప్రొటీన్ల తయారీని ఆపేస్తుంది. సిప్రోఫ్లాక్సాసిన్ దాని డి.ఎన్.ఎ. మెలికలు విప్పే ఎంజైమును పట్టేస్తుంది. జలుబూ ఫ్లూ తెచ్చే వైరస్‌కు ఆ గోడా లేదు, సొంతంగా ప్రొటీన్లు చేసుకునే ఏర్పాటూ లేదు. ఆ పెద్దావిడ కొంగున కట్టుకెళ్లిన మూడు మాత్రలకూ ఆవిడ జలుబుకూ ఏ సంబంధమూ లేదు. జలుబు నాలుగు రోజుల్లో దానంతటదే పోతుంది, పేరు మాత్రం మాత్రకు దక్కుతుంది.

ఒళ్లు అలవాటు పడలేదు, సరే. మరి బ్యాక్టీరియా పడిందా? నిజానికి అదీ కాదు. కోట్ల బ్యాక్టీరియాలో ఎక్కడో ఒకదానికి జన్యువుల్లో చిన్న తేడా వచ్చి ఉంటుంది. మందును ముక్కలు చేసే ఎంజైము కావచ్చు, లోపలికొచ్చిన మందును వెంటనే బయటికి తోడిపోసే పంపు కావచ్చు. మందు పడగానే లొంగేవన్నీ చస్తాయి, లొంగనిది ఒక్కటి మిగులుతుంది. పోటీ లేదు, చోటుంది, తిండుంది. పరిస్థితి అనుకూలిస్తే కొన్ని బ్యాక్టీరియా ఇరవై నిమిషాలకోసారి రెండవుతాయి. ఏదీ ఏమీ నేర్చుకోలేదు, లొంగేవి పోయి లొంగనివి మిగిలాయి, అంతే.

చిత్రమేమిటంటే, ఈ సంగతి మన రైతుకు కొత్త కాదు. వరికి దోమపోటు తగిలి, ఏటా అదే మందు కొట్టి కొట్టి ఫలితం లేనప్పుడు "పైరుకు మందు అలవాటైపోయింది" అని ఏ రైతూ అనడు. "దోమ లొంగట్లేదు" అంటాడు. చేలో అంత కచ్చితంగా మాట్లాడే మనమే ఒంటి దగ్గరికొచ్చేసరికి తడబడతాం. ఇది ఒట్టి మాట తేడా కాదు. అలవాటు పడింది నా ఒళ్లే అయితే నష్టం నా ఒక్కడిదే. లొంగనిది బ్యాక్టీరియా అయితే అది నాతో ఆగదు. పిల్లవాడి చేతికీ, కాలవ నీటికీ, ఆసుపత్రిలో పక్క మంచానికీ చేరుతుంది. పైగా బ్యాక్టీరియా ప్లాస్మిడ్‌లనే చిన్న డి.ఎన్.ఎ. చుట్టల్ని ఒకదానికొకటి ఇచ్చిపుచ్చుకుంటాయి. వేరే జాతివాటికి కూడా ఇస్తాయి. జలుబుకు వేసుకున్న మాత్ర పేగుల్లో తమ మానాన మనకు మేలు చేస్తున్న బ్యాక్టీరియా మీద పడి, వాటిలోనూ లొంగనివాటిని ఏరి నిలబెడుతుంది. రేపు రోగం తెచ్చేది వచ్చినప్పుడు దానికి ఆ విద్య పేగుల్లోనే సిద్ధంగా దొరుకుతుంది. అందుకే 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో కొందరు నిపుణులు "కోర్సు పూర్తి చెయ్యండి" అన్న పాత పాటను కూడా తిరిగి చూడమన్నారు. క్షయకు నెలల తరబడి మందు తప్పదు. కాని చాలా జబ్బులకు అవసరాన్ని మించి మింగిన ప్రతి రోజూ నష్టమేనన్నది వాళ్ల వాదన. ఎన్ని రోజులన్నది డాక్టరు తేల్చాలి, కత్తెర కాదు.

"పవరున్నది" అన్న మాట కూడా అలాంటిదే. టైఫాయిడ్‌కు ఒకప్పుడు క్లోరాంఫెనికాల్ తిరుగులేని మందు. 1972లో కేరళలో దానికి లొంగని టైఫాయిడ్ వచ్చింది. తర్వాత సిప్రోఫ్లాక్సాసిన్ వంతు వచ్చింది. అదీ చాలాచోట్ల చేతులెత్తేశాక ఇప్పుడు ఇంజెక్షన్ల దాకా వచ్చాం. మెట్లెక్కుతున్నాం కాని, పైన మెట్లు ఎక్కువ లేవు.

ఈ మందుల కథలో మనవారొకరున్నారు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అన్నదమ్ములిద్దరు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. ఆయనకూ ఆ జబ్బు వచ్చి, బతికి బయటపడ్డారు. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాల పరిశోధనలకు ఆయన సారథిగా ఉన్నప్పుడే, డెబ్బై దాటిన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్ మిస్సోరీ మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి బంగారు రంగు మందు తీశాడు. అదే ఆరియోమైసిన్, మొదటి టెట్రాసైక్లిన్. దాన్ని లోకానికి ప్రకటించిన 1948లోనే సుబ్బారావు కన్నుమూశారు. ఫోలిక్ ఆమ్లం తయారీ కూడా ఆయన బృందానిదే. ఉష్ణదేశాల స్ప్రూకు ఈనాటికీ ఇచ్చేవి ఫోలిక్ ఆమ్లమూ టెట్రాసైక్లినే. అన్నదమ్ముల్ని తీసుకుపోయిన జబ్బుకు ఆయన బదులు తీర్చుకున్న తీరది.

అదే లెడర్లీలో కొద్దికాలానికే మరో సంగతి బయటపడింది. మేతలో ఆరియోమైసిన్ కలిపితే కోడిపిల్లలు తొందరగా బరువెక్కాయి. జబ్బు లేని కోళ్లకు దాణాలో మందు కలిపే పద్ధతి అక్కడి నుంచే ప్రపంచమంతా పాకింది. చివరి మెట్టు మందుల్లో ఒకటైన కొలిస్టిన్‌ను పశువులకూ కోళ్లకూ వాడకూడదని మన కేంద్ర ప్రభుత్వం ఆపింది 2019లో! మరోవైపు, మందు పుట్టే చోటి సంగతి. 2007లో అచ్చయిన ఒక అధ్యయనంలో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరులో సుమారు 90 మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధి చేసి వదిలే నీటిని పరీక్షించారు. అందులో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా తేలింది. ఆ మందు వేసుకుంటున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. అనకాపల్లి జిల్లాకూ పరవాడలో ఫార్మా సిటీ ఉంది కనక, ఇది ఎక్కడో తెలంగాణ సంగతని వదిలేయలేం.

ఆ పెద్దావిడను తప్పు పట్టడం తేలిక. డాక్టరు దగ్గర వరసలో కూర్చుంటే ఆ పూట కూలి పోతుంది, షాపులో రెండు నిమిషాల్లో పనవుతుంది. ఆవిడ లెక్క ఆవిడకు సరిగ్గానే ఉంది. అందుకే తప్పు పట్టడం బల్లకు ఆ పక్కనున్నవారి దగ్గర మొదలుపెట్టాలి. 24 యాంటీబయాటిక్‌లతో సహా కొన్ని మందుల్ని చీటీ లేకుండా అమ్మకూడదనీ, రోగి పేరూ డాక్టరు పేరూ విడిగా రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలనీ మందుల అమ్మకం నిబంధనల్లోని షెడ్యూల్ హెచ్1 చెబుతోంది. 2014 మార్చి నుంచి అది అమలులో ఉంది. మందుల తనిఖీకి వచ్చే అధికారులు మరేమీ చూడకపోయినా ఆ ఒక్క రిజిస్టరు తెరిపిస్తే చాలు.

ఇక చదివేవారికి ఒక మాట. మీ ఇంట్లో బీరువా అరలోనో ఫ్రిజ్ మీదో మిగిలిపోయిన మాత్రల అట్ట ఒకటి ఉండే ఉంటుంది. వెనక్కి తిప్పి చూడండి. ఒక అంచున నిలువుగా ఎర్ర గీత ఉంటే అది డాక్టరు చీటీ లేకుండా వాడకూడని మందు. 2016లో కేంద్ర ఆరోగ్య శాఖ ఈ గీత గురించి ప్రచారం కూడా చేసింది. గీత కనబడితే ఆ అట్టను ఈసారి జ్వరానికని దాచకండి, పక్కింటివారు అడిగినా ఇవ్వకండి.