కరిగించే ముందు మూత తెరిచి చూడండి

పాత బంగారం అనగానే మన ఇళ్ళల్లో ముందు గుర్తొచ్చేది తూకం. గాజులకైతే సరే. జేబు గడియారాన్ని కూడా అదే త్రాసులో పడేస్తామంటే నేను ఒప్పుకోను.

మా అత్తగారు పోయాక బీరువాలో మామగారి తాతగారి బంగారు గడియారం బయటపడింది. ముగ్గురు అన్నదమ్ములు, ఒక ఆడపడుచు. "కరిగించి నాలుగు వాటాలు వేసుకుంటే గొడవుండదు" అన్నారు మా బావగారు. అందరికీ సమానంగా రావాలనే ఆయన తాపత్రయం, కాదనను. నా అభ్యంతరమల్లా లెక్క దగ్గరే.

కొట్లో చూసి "916 ముద్ర లేదు కదమ్మా" అని పెదవి విరిచారు. ఎలా ఉంటుంది? మన దగ్గర బంగారానికి హాల్‌మార్క్ మొదలైందే 2000లో. 2021లో తప్పనిసరి చేసినప్పుడు కూడా గడియారాలను మినహాయించారు.

దాని ముద్రలు దానికున్నాయి, వెనక మూత లోపల. భూతద్దం పెడితే కిరీటం, పక్కన 18 కనిపించాయి. అంటే 18 క్యారెట్లు, వెయ్యికి 750 పాళ్ళు బంగారం. తర్వాత లంగరు బొమ్మ. అది బర్మింగ్‌హామ్ గుర్తు (సముద్రం లేని ఊరికి లంగరేమిటో!). చిరుత తల ఉంటే లండన్, కత్తీ మూడు గోధుమ పనలూ ఉంటే చెస్టర్. పక్కనే ఇంకో చిన్న అక్షరం, ఏ ఏడాది పరీక్షించారో చెప్పేది. వరస అయిపోతే అక్షరాలు మళ్ళీ మొదటికొస్తాయి కాబట్టి అక్షరం రాత, చుట్టూ ఉన్న గడి ఆకారం కూడా కలిపి చూడాలి. మా ఆడపడుచు రెండు సాయంత్రాలు పట్టికలతో పోల్చి ఏడాది పట్టేసింది. ఆ తర్వాత కూడా "ఆడపిల్లకి గడియారం ఎందుకు?" అన్నవాళ్ళున్నారు మా ఇంట్లో. ఆ మాట నాకు నచ్చలేదని అక్కడే చెప్పాను.

అన్నీ ఇలా అచ్చ బంగారం కావు. కొన్ని అమెరికా గడియారాల మూత మీద 20 ఏళ్ళ గ్యారంటీ అని ఉంటుంది. అది యంత్రానికి కాదు, ఇత్తడి మీద వేసిన బంగారు రేకు అన్నేళ్ళు అరగదని. కొన్ని స్విస్ వాటికి బయటి మూతలు బంగారమైనా లోపలిది మామూలు లోహం. అందుకే ప్రతి మూతా విడిగా చూసుకోవాలి.

ఇక తూకం సంగతి. లోపలి యంత్రమంతా ఇత్తడి, ఉక్కు. కరిగించేవాళ్ళు దాన్ని పీకి పక్కన పడేసి, పై డబ్బీకి మాత్రమే లెక్క కడతారు. తరుగు పోగా నాలుగు వాటాలు వేస్తే ఒక్కొక్కరికి ఎంతొస్తుందో మీరే వేసుకోండి. పైగా నడిచే గడియారం ఒకటి లోకంలో తగ్గిపోతుంది.

అమ్మక తప్పకపోతే పాత గడియారాల సంగతి తెలిసినవాళ్ళకి నిలువునా అమ్మండి. ఉంచుకోవాలంటే డబ్బీ బంగారానికి ఆ రోజు ధర కట్టించి, ఉంచుకునేవాళ్ళు మిగతావాళ్ళ వాటా ఇచ్చేయాలి. మా ఆడపడుచు అందుకు సిద్ధమే. బావగారు ఇంకా ఆలోచిస్తున్నారు.