టికెట్ అడిగిన అమ్మాయి ఆ తర్వాత ఏం చేసింది?

1923, కాకినాడ కాంగ్రెస్ మహాసభలు. ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర వాలంటీరుగా నిలబడ్డ పద్నాలుగేళ్ల అమ్మాయి, టికెట్ లేదని నెహ్రూనే ఆపేసింది. నిర్వాహకులు టికెట్ తెచ్చాకే లోపలికి పంపింది. ఆమే మన రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి.

ఇది మనందరికీ తెలిసిన కథే. నా బాధల్లా ఏంటంటే, మనం ఆ గేటు దగ్గరే ఆగిపోతాం.

దుర్గాబాయి గారికి ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. పెద్దయ్యాక ఆ బంధం వద్దనుకుని బయటికొచ్చారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లారు. అక్కడ అక్షరం రాని ఆడవాళ్లు తమ తరఫున ఒక్క మాట చెప్పుకోలేక శిక్ష అనుభవించడం చూశారు. విడుదలయ్యాక మెట్రిక్ నుంచి మొదలుపెట్టి 1942లో లా పూర్తి చేశారు. ఈ మధ్యలోనే, 1937లో, మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి ఆడవాళ్లని బెనారస్ మెట్రిక్ పరీక్షకి తయారుచేశారు. ఆ తర్వాత రాజ్యాంగ సభ సభ్యురాలయ్యారు.

గమనించారా? తను చదువుతూనే పక్కవాళ్లని చదివించారు. మనలా "ముందు ప్లేస్‌మెంట్ రానీ, తర్వాత చూద్దాం" అనుకోలేదు.

మొన్న మా హాస్టల్ ఊడ్చే అక్క, బ్యాంకు మెసేజ్ చదివిపెట్టమని ఫోన్ ఇచ్చింది. చదివి ఇచ్చేశాను. చదవడం నేర్పాలని మాత్రం తట్టలేదు.

మార్చి 8న ముగ్గుల పోటీ పెట్టుకుందాం, తప్పులేదు. దాంతోపాటు వారానికి రెండు సాయంత్రాలు, గంటసేపు, మన అక్కలకి అక్షరాలు నేర్పుదాం. మంగళవారం నాది. గురువారం ఎవరొస్తారు?