మనస్సాక్షియు జీతమును

ఉద్యోగము సంపాదించు మార్గమును మన పిల్లలకు అందరును బోధించుచున్నారు. దానిని ఎప్పుడు విడువవలెనో బోధించువారు అరుదు. మన ప్రాంతపు యువకులును యువతులును హైదరాబాదు వెళ్లి కంప్యూటరు కొలువులలో చేరుచున్న ఈ కాలములో, యజమాని చేయించు పని అధర్మమని తోచినప్పుడు ఏమి చేయవలెనను ప్రశ్న మనకు దూరమైనది కాదు.

"యజమాని ఆజ్ఞ గనుక తప్పు నాది కాదు" అని కొందరందురు. హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ అధ్యక్షుడు రామలింగరాజు, లెక్కలలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్ల రూపాయలు లేనివేయని 2009 జనవరి 7వ తేదీ లేఖలో ఒప్పుకొనెను. 2015లో ప్రత్యేక న్యాయస్థానము దోషులుగా నిర్ణయించిన పదిమందిలో, లెక్కల శాఖలో జీతమునకు పనిచేసినవారును ఉండిరి. వారు అప్పీలు చేసికొనిరి. అయినను జీతగాడనను మాట వారిని ఆ తీర్పునుండి తప్పింపలేదు.

దీనికి భిన్నముగా దినేశ్ ఠాకూరు చరిత్రమును చూడుడు. ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయములో రసాయన ఇంజనీరింగు చదివి, అమెరికాలో పనిచేసి, రాన్‌బాక్సీ అను ఔషధముల కంపెనీలో పరిశోధన సమాచారమును నిర్వహించు పదవిలో చేరెను. 2004లో పై యధికారి కోరికపై పాత పరీక్షల లెక్కలను శోధింపగా, అనేక మందుల విషయమై కల్పిత ఫలితములు వ్రాయబడియుండుట బయల్పడెను. సంగతి డైరెక్టర్లకు తెలుపబడెను గాని ఫలము లేకపోయెను. పై యధికారి రాజీనామా చేసెను. 2005లో ఠాకూరును ఉద్యోగము విడిచెను. అంతటితో ఊరకుండక, అమెరికా ఔషధ నియంత్రణ శాఖకు నిజమును తెలిపెను. 2013లో ఆ కంపెనీ అమెరికా శాఖ నేరమొప్పుకొనగా, మొత్తము 50 కోట్ల డాలర్లు చెల్లింపవలసి వచ్చెను. చట్టప్రకారము అందులో ఠాకూరునకు భాగము లభించెను. కాని ఉద్యోగము విడిచిన నాడు అట్టి వాగ్దానము ఎవరును చేసియుండలేదు.

ఇందలి క్రమమును గమనింపుడు. మొదట శోధించుట, పిమ్మట యజమానికి తెలుపుట, వినకున్న విడుచుట, మౌనమువలన ప్రాణహాని కలుగునెడల అధికారులకు చెప్పుట. దానియేలు సయితము రాజు భోజనమును నిరాకరించినప్పుడు కొలువు విడిచి పోలేదు. వినయముగా మనవి చేసి పది దినముల పరీక్షను కోరెను. కోపముతో రాజీనామా పడవేయుట సులభము. ఆధారములతో మాటలాడుట కష్టము.

"నీవు విడిచిన చోట మరియొకడు చేరును, లాభమేమి?" అని అడుగువారు కలరు. చేరవచ్చును. అయినను మందు మ్రింగు రోగి ప్రయోగశాలను చూడడు. లోపలనున్నవాని నిజాయితీయే అతనికి రక్ష. 2023 అక్టోబరులో మన మండలమందలి మేడిగడ్డ బ్యారేజీ స్తంభములు క్రుంగుటను చూచిన మనకు, నిపుణుల పనిపై ఎందరు ఆధారపడుదురో వేరుగా చెప్పనక్కరలేదు.

తలిదండ్రులారా, మీకొక విన్నపము. పొలము తాకట్టుపెట్టి చదివించిన యింటి బిడ్డకు, నెలనెలా వాయిదాలు కట్టుచు యజమానితో కాదనుట మిక్కిలి కష్టము. అప్పు మనస్సాక్షికి సంకెల. కావున ఉద్యోగము దొరకగానే కారనియు, ఘనమైన వివాహమనియు తొందరపెట్టకుడు. మొదట అప్పు తీరనిండు. ఆరు మాసముల గ్రాసము నిలువచేయనిండు. ఒకనాడు ఆ బిడ్డ "ఆ పని నేను చేయజాలను" అని యింటికి వచ్చినయెడల, ఊరివారేమందురో అని అడుగక, అన్నము వడ్డించి సంగతి వినుడు.

విద్యార్థులారా, ఈ ధైర్యము కొలువులో చేరిన తరువాత నేర్చునది కాదు. ప్రయోగశాలలో రాని ఫలితమును వచ్చినట్లు రికార్డు పుస్తకమున వ్రాయకుడు. ఇరువదేండ్లకు మీ వ్రాతను నమ్మి ఎవరో ఒక తల్లి తన బిడ్డకు మందు పోయును.