ప్లగ్గు పెట్టిన కార్లు
కెనడాలోని విన్నిపెగ్‌లో తొలి చలికాలం, కార్ల ముందుభాగాల నుంచి వేలాడుతున్న కరెంటు తీగలు చూసి అన్నీ ఎలక్ట్రిక్ బళ్లే అనుకున్నాను. కావట, మైనస్ 30 డిగ్రీల్లో ఇంజన్‌ను వెచ్చగా ఉంచే బ్లాక్ హీటర్ తీగలవి. కొత్తవాళ్లంతా చలిని తిట్టుకుంటారు. నేను మాత్రం ఈ ఊరికి మర్యాద నేర్పిన గురువు చలేనంటాను. ఓ పొద్దున నా బండి మొరాయిస్తే, పార్కింగులో ఎవరో పెద్దాయన పేరైనా అడక్కుండా తన కారు బ్యాటరీ నుంచి నా బ్యాటరీకి జంపర్ కేబుళ్లు తగిలించి, బండి స్టార్టవగానే చెయ్యూపి వెళ్లిపోయాడు. రామగుండం ఎండల్లో చలివేంద్రం పెట్టేవాడూ దాహమన్నవాడిది ఏ ఊరని అడగడు కదా! ఇవాళ నీకు, రేపు నాకు అన్న లెక్క ఎండకీ చలికీ ఒకటే. అందుకే కొత్తగా దిగేవాళ్లకు చెబుతున్నా: మందపాటి కోటు తర్వాత కొనాల్సింది జంపర్ కేబుళ్లే, మీకోసం కాదు, పక్కవాడి కోసం.