హెలికాప్టర్‌కు డీజిల్: పోటీ ఎవరితో?

2015 నవంబర్ 6న ఫ్రాన్స్‌లోని మారిన్యాన్‌లో ఎయిర్‌బస్ వారి చిన్న హెలికాప్టర్ హెచ్120 అరగంట సేపు ఎగిరి దిగింది. మామూలుగా దానికి ఉండేది టర్బైన్. ఆ రోజు మాత్రం టియోస్, ఆస్ట్రో సంస్థలు యూరప్ ‘క్లీన్ స్కై’ పరిశోధనలో భాగంగా తయారుచేసిన 440 హార్స్‌పవర్ వి8 డీజిల్ ఇంజిన్ బిగించారు. ఇంధనం ఖర్చు తగ్గుతుందని, ప్రయాణ దూరం దాదాపు రెట్టింపవుతుందని ఎయిర్‌బస్ ప్రకటించింది. అయినా డీజిల్ హెచ్120 మార్కెట్‌కు రాలేదు. ఆ తర్వాత అసలు హెచ్120 తయారీయే ఆగిపోయింది.

దీన్ని డీజిల్ ఓటమి అనడం తొందరపాటే. ప్రత్యర్థిని ఎంచుకోవడంలోనే లెక్క తప్పింది.

టర్బైన్ బలమంతా తేలికలో ఉంది. హెచ్120లోని ఆరియస్ టర్బైన్ 500 హార్స్‌పవర్ ఇస్తూ కూడా సుమారు 100 కిలోలే తూగుతుంది. డైమండ్ సంస్థ విమానాల్లో వాడే ఆస్ట్రో ఏఈ300 డీజిల్ 168 హార్స్‌పవర్‌కే 186 కిలోలు. డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే ఇంధనం అంటుకోవాలి. ఆ ఒత్తిడికి తట్టుకోవాలంటే లోహం దిట్టంగా ఉండక తప్పదు. పైగా సిలిండర్‌లో ప్రతి పేలుడూ షాఫ్టుకు ఒక కుదుపే. జర్మనీ సంస్థ థీలెర్ట్ కారు డీజిల్‌ను విమానానికి మలిచినప్పుడు గేర్‌బాక్స్‌ను 300 గంటలకోసారి విప్పాల్సి వచ్చేది. పైన ఒక రోటర్, తోక దగ్గర ఇంకొకటి తిప్పాల్సిన హెలికాప్టర్‌లో ఈ తలనొప్పి ఇంకా ఎక్కువ.

కాబట్టి అరగంటలో వెళ్లి వచ్చే పనికి టర్బైన్‌దే పైచేయి. గంటల తరబడి గాలిలో ఉండాల్సిన గస్తీలో మాత్రం ఆదా అయిన ఇంధనం ఇంజిన్ బరువుకు బదులు చెప్పడం మొదలుపెడుతుంది. టర్బోచార్జర్ ఉన్న డీజిల్ కొండల మీది పలచటి గాలిలోనూ అంత తేలిగ్గా నీరసించదు.

డీజిల్ ఢీకొట్టాల్సింది పెట్రోల్ ఇంజిన్‌ను. శిక్షణలో విరివిగా వాడే రాబిన్‌సన్ ఆర్22, ఆర్44లు నడిచేది ఏవ్‌గ్యాస్ అనే విమాన పెట్రోల్ మీద. ప్రపంచంలో ఎక్కువగా అమ్ముడయ్యే 100ఎల్ఎల్ రకంలో నేటికీ సీసం ఉంది. విమానాలు వెదజల్లే సీసం ప్రజారోగ్యానికి ముప్పని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2023లో అధికారికంగా తేల్చింది. భారత్ అయితే 2022లో ఇండియన్ ఆయిల్ వడోదరలో తయారీ మొదలుపెట్టేదాకా ఈ ఇంధనాన్ని దిగుమతి చేసుకుంది. ఏఈ300 వంటి డీజిల్ ఇంజిన్లు జెట్ ఇంధనంతోనే నడుస్తాయి. శంషాబాద్‌లో బోయింగ్‌కు పోసేదే వీటికీ సరిపోతుంది!

మరి ఆలస్యం దేనికి? డీజిల్ విమానాలు ఏళ్లుగా ఎగురుతున్నా ఆ అనుభవం హెలికాప్టర్‌కు నేరుగా చెల్లదు. ఇంజిన్, గేర్‌బాక్స్, రోటర్ కలయికను మొదటి నుంచి పరీక్షించి ధ్రువీకరణ పొందాలి. ఆ ఖర్చును పంచుకోవడానికి తేలికపాటి హెలికాప్టర్ల మార్కెట్ మరీ చిన్నది. శిక్షణ సంస్థలు ముందే కలిసి ఆర్డర్లు ఇస్తే తప్ప ఏ తయారీదారూ ఆ డబ్బు పెట్టేలా లేడు.