ప్లీడరు నాటకము నాటి ప్రశ్న

రాజమహేంద్రవరమున చదువు ముగించి ఉద్యోగమునకు వలసిన అర్హత సంపాదించిన నాడు కందుకూరి వీరేశలింగము పంతులుగారి యెదుట రెండు దారులు తెఱచియుండెను. ఒకటి సర్కారు కొలువు, రెండవది న్యాయవాదవృత్తి. లంచమీయనిదే మొదటిది లభింపదనియు, అసత్యమాడనిదే రెండవది సాగదనియు గ్రహించి, ఆయన రెంటిని విడిచి, బడిపంతులై కోరంగికిని, పిదప ధవళేశ్వరమునకును పోయిరి. ఈ సంగతిని ఆయన నిజాయతికి నిదర్శనముగ జెప్పి ముందునకు సాగిపోవుట మనకు వాడుక. నాకు మాత్రము ఇందు మఱియొక విశేషము గోచరించుచున్నది: జీతమెంత యని లెక్కించుటకు ముందే, ఆ వృత్తిలో తాను నిత్యము ఏ ముఖముతో నిలువవలసి వచ్చునో ఆ యువకుడు విచారించుకొనెను.

నేటి మన గోదావరి సీమలో ఈ విచారణక్రమము తలక్రిందులైనది. కాకినాడలోనో భీమవరములోనో ఇంజనీరింగు పట్టా పుచ్చుకొన్న యువకుడు ముందుగ కొలువు నిర్ణయించుకొని, పిదప దానికి సరిపడు ముఖమును సిద్ధము చేసికొనును. తాను చూచినదెల్ల చేసినదిగను, నలుగురు కలసి చేసినదెల్ల తానొక్కడే నడపినదిగను రెజ్యూమెలో మాఱిపోవును. లింక్డిన్‌లో ఎరవు కోటుతో దిగిన ఫోటో వెలయును. వ్యక్తిత్వవికాస తరగతిలో శిక్షకుడు గోదావరి యాసలో మాటమాటకు దొర్లు ‘ఆయ్’ను మానుమని మందలించును. అంతటితో నిలువక, హైదరాబాదు చేరి, ఎన్నడును గడప త్రొక్కని కంపెనీలో మూడేండ్లు పనిచేసినట్లు పత్రము సంపాదించువారును గలరు. ‘ఫేక్ ఎక్స్‌పీరియన్స్’ అను మాట ఇప్పుడు గుసగుసగ గాక బాహాటముగనే వినవచ్చుచున్నది.

వీనినన్నిటిని ఒకే గాటను గట్టి నిందించుట న్యాయము గాదు. కోటు తొడుగుటయు, యాసను కొంత అదుపున నుంచుకొనుటయు సభామర్యాదలు. పెండ్లికి పట్టుపంచె కట్టినవానిని వేషధారి యని యెవరందురు? (ఐనను ‘ఆయ్’ అనుట అనాగరికమని బోధించు శిక్షకునితో నాకు పేచీ గలదు, ఎదుటివానిని మన్నించుటకు అంతకంటె చవుకగ లభించు సాధనము మఱియొకటి లేదు.) పంతులుగారు సైతము యౌవనమున పెదవులంటని అక్షరములతో శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధము రచించి పాండిత్యమును మెఱయించి, పిమ్మటగదా సులభవచనమునకు దిగివచ్చిరి! అట్టి అలంకారములు వయసుతో రాలిపోవును. చేయని పనిని చేసితినని చెప్పుకొన్న మాట మాత్రము రాలదు. అది చెప్పినవానికే సంకెల యగును. మూడేండ్ల అనుభవము గలవానిగ ప్రవేశించినవాడు, తొలిదినమున వచ్చినవాడు నిర్భయముగ అడుగదగిన ప్రశ్నను అడుగజాలడు. అడిగిన గుట్టు బయటపడును, అడుగకున్న పని రాదు. తనకంటె చిన్నవాడు ప్రక్కబల్లయొద్ద అడిగి నేర్చుకొనుచుండగ, ఇతడు తలయూపుచు రాత్రులు జాగరము చేయుచుండును. ఈ వంచనలో మొదట నష్టపోవువాడు వంచకుడే యని నాకు తోచుచున్నది.

1880లో పంతులుగారు న్యాయవాదుల నడవడిని పరిహసించుచు వ్యవహార ధర్మబోధిని యను నాటకమును రచించి తమ విద్యార్థులచే ఆడించిరి. దానినే జనులు ప్లీడరు నాటకమనిరి. ఐతే వృత్తి కపటభూయిష్ఠమైనంత మాత్రమున అందు జొచ్చినవారెల్ల ముఖము మార్చుకొనవలెనను నియమము లేదు. ఆ రాజమహేంద్రవరముననే వకాల్తాలు పట్టిన టంగుటూరి ప్రకాశముగారు, పడుచుతనమున నాటకములలో స్త్రీవేషములు ధరించినవారయ్యు, వేషమును రంగస్థలమునకే పరిమితము చేసిరి. రెండవ తరగతి ప్లీడరునకు హైకోర్టున వాదించు నర్హత లేకపోగా, సముద్రము దాటి చదివి బారిస్టరై వచ్చిరి. పిదప మదరాసున మిక్కుటముగ ధనము కురియుచున్న ఆ వృత్తినే 1921లో సహాయనిరాకరణమునకై త్యజించిరి. తమ స్వీయచరిత్రయైన ‘నా జీవితయాత్ర’లో తమ కుఱ్ఱతనపు దుడుకును ఆయన దాచుకొనలేదు.

స్వీయచరిత్ర వ్రాయుట తన చిత్తరువును తానే లిఖించుకొనుట గదా, అందు మెఱుగులుండవా యని పాఠకులు సంశయింపవచ్చును. ఉండును, పంతులుగారి స్వీయచరిత్రయు అందుకు మినహాయింపు గాదు. కాని ఆ చిత్తరువును సరిచూచుకొనుటకు లోకమునకు వేఱు ఆధారములు గలవు. 1874లో వివేకవర్ధని పత్రికను స్థాపించి ఉపదేశించుచు వచ్చిన సంస్కరణమును 1881 డిసెంబరు 11న తమ యింటనే తొలి వితంతువివాహము జరిపించి ఆచరణమున జూపిరి. వంటవారును నీళ్లు మోయువారును వెలివేసి పోగా, పంతులుగారి సతీమణి రాజ్యలక్ష్మమ్మగారు ఆ పనులను తామే నెత్తికెత్తుకొనిరి. 1906లో హితకారిణీ సమాజమును నెలకొల్పి ఆస్తిని దానికి ధారపోసిరి. నేడు తన యోటమిని సైతము కంటికింపుగ తీర్చి పదిమందికి జూపి మెప్పు పొందువారిని చూచినపుడు, ఆ నిష్కాపట్యమును ఏ ఆధారముతో సరిచూచుకొనవలెనో నాకు తెలియకున్నది.

తప్పంతయు యువకులదే యనుట సులభము. తొలికొలువునకు వచ్చువానిని రెండేండ్ల అనుభవము చూపుమని కోరు ప్రకటనలు గదా ఈ అబద్ధమునకు విత్తనములు! కళాశాలలును కోటునకు, యాసకు వెచ్చించు కాలమును కొంత తగ్గించి, ప్రాజెక్టులో తాను వ్రాసిన భాగమేదో, మిత్రుడు వ్రాసినదేదో, చివరివఱకు పనిచేయక నిలిచిపోయినదేదో విద్యార్థిచేత ఒక పుటలో వ్రాయింపవలెను. ఆ పుటను చూచి మురిసిపోవు కంపెనీలు తమంత తామే వచ్చునని నేననను. ప్రాంగణనియామకములకు వచ్చువారిని, మొదట దానినే చదివి ప్రశ్నింపుడని కళాశాలలే పట్టుబట్టవలసియుండును.