కోత ముందు మాలి మీదే పడాలా?



పురపాలక బడ్జెట్‌లో కోత తప్పకపోతే ముందు పార్కులకే పెట్టాలని, వాటిని దాతలు చూసుకుంటారని గత సంచికలో వ్యాసకర్త తేల్చేశారు. న్యూయార్క్ అనుభవం వేరు. 1975లో ఆ నగరం దివాలా అంచుకు చేరాక పార్కుల సిబ్బందిని తగ్గించారు. సెంట్రల్ పార్కులో పచ్చిక పోయి మట్టి తేలింది. 1980లో ఏర్పడిన సెంట్రల్ పార్క్ కన్జర్వెన్సీ విరాళాలతో దాన్ని నిలబెట్టిన మాట నిజమే. కానీ ఆ 843 ఎకరాల పక్కనే సంపన్నుల మేడలున్నాయి. అదే నగరంలోని బ్రాంక్స్ ప్రాంతపు చిన్న పార్కులకు అలాంటి ఇరుగుపొరుగు ఏరీ?

పార్కును పట్టించుకోకపోతే, ఖాళీ జాగా అనుకుని దాని మీద కన్ను పడటమూ మామూలే. బెంగళూరులో పార్కు స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌కు ఇస్తే 1991లో సుప్రీంకోర్టు చెల్లదంది. కోర్టుకెక్కింది స్థానికులే.

కోసేదేదో కొత్త ఫౌంటెన్లు, రంగు దీపాల దగ్గర కోయాలి. మొక్కలకు నీళ్లు పెట్టే మాలి జీతంలో కాదు.

— ఒక పాఠకుడు